చేతికి తెలిసే గేరు

అక్షరాల వరుసకు కూడా ఒక న్యాయం ఉంటుందని ఏటా కొత్త విద్యార్థులకు చెబుతూ ఉంటాను. మన హల్లుల్లో గొంతు దగ్గర పుట్టేవి ముందు, పెదవుల మీద పుట్టేవి వెనుక. ఆ వరుస ఎవరో సరదాకు పేర్చినది కాదు. తెలుగు ఎమ్మే చదివి, ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి, నలభై దాటాక నేను నాలుగే నాలుగక్షరాల కొత్త వర్ణమాల నేర్చుకోవలసి వచ్చింది. పీ, ఆర్, ఎన్, డీ. క్లచ్చి లేని కార్లలో గేరు రాడ్డు పక్కన ఉండే అక్షరాలివి. పీ అంటే పార్కు, బండిని కట్టివేయడం. ఆర్ వెనక్కి. ఎన్ అంటే ఏ గేరూ లేకపోవడం. డీ ముందుకు. మరి ఈ వరుసకు న్యాయమేమిటని విచారిస్తే, అది కొందరి కాళ్ళూ చేతులూ విరిగాక కుదిరిన వరుస అని తేలింది.

ఈ విచారణ నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. రెండేళ్ళ క్రిందట నా ఎడమ మోకాలికి ఆపరేషను అయింది. క్లచ్చి తొక్కడం ఎడమ కాలి పని. ఎచ్చెర్లలో కాపురం, శ్రీకాకుళంలో ఉద్యోగం. పది పన్నెండు కిలోమీటర్ల దారే అయినా, జాతీయ రహదారి మీద లారీల వెనుక ఆగుతూ కదులుతూ పోయేసరికి కాలు మొర్రోమనేది. కనుక ఆటోమేటిక్కు కారు కొనడం తప్పనిసరి అయింది. ఇక రెండోది మా ఇంటి వాలు. తుపాను వానలకు నీళ్ళు లోపలికి రాకుండా ఇల్లు వీధికి మూడడుగుల ఎత్తున కట్టాం. కారు ఎక్కడానికి గేటు దగ్గర సిమెంటు వాలు పోయించాం. ఆ వాలు సరాసరి వీధిలోకి దిగుతుంది. సాయంత్రం నాలుగు దాటితే వీధి నిండా పిల్లలే. అందుచేత ఇంట్లో అందరూ రంగు గురించీ మైలేజీ గురించీ మాట్లాడుకుంటూంటే నా దృష్టంతా గేరు రాడ్డు మీద, ముఖ్యంగా ఆ పీ అనే అక్షరం మీద ఉండేది. "కారు కొంటున్నామా, కర్ర కొంటున్నామా?" అని మావారు హాస్యమాడారు కూడాను.

1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారు ఓల్డ్స్‌మొబైల్ కారులో, అంటే 1940 మోడలు బండిలో, హైడ్రా-మాటిక్ అనే గేరు పెట్టెను అమ్మకానికి తెచ్చారు. ఆటోమేటిక్కు గేరు ఇళ్ళలోకి వచ్చింది దానితోనే. అందులో వరుస ఎన్, హై, లో, ఆర్. పీ అన్నదే లేదు! బండి ఆపి, ఇంజను కట్టేసి, రాడ్డును రివర్సులోకి తోస్తే అదే బిగిసి నిలబడేది. ఈ మాట గుర్తుంచుకోండి; డెబ్బై అయిదేళ్ళ తరువాత ఇది మన షోరూములలో మళ్ళీ కనిపిస్తుంది.

తరువాత పీ వచ్చింది గాని, చాలా కార్లలో ఆర్ మాత్రం చివరనే, లో గేరును ఆనుకొని ఉండిపోయింది. బురదలో దిగబడినప్పుడు ముందుకూ వెనక్కూ ఊపి బండిని పైకి తీయడానికి అది వీలు. కాని లో గేరు కోసం కిందికి లాగిన చెయ్యి ఒక మెట్టు జారితే, ముందుకు పోవలసిన బండి వెనక్కి పోతుంది. పైగా ఒక కంపెనీ వారి వరుస ఇంకొక కంపెనీ వారికి లేదు. ఇంట్లో కారుకు అలవాటు పడిన చెయ్యి పక్కింటి కారులో తప్పు గేరు వేస్తుంది. 1965లో రాల్ఫ్ నేడర్ కార్ల ప్రమాదాల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఈ గేరు వరుసనే పట్టుకొని కంపెనీలను గట్టిగా నిలదీశాడు. ముందుకు పోయే గేరుకూ వెనక్కి పోయే గేరుకూ నడుమ న్యూట్రలు ఉండి తీరాలని 1968 నుంచి అక్కడ నిబంధన అయింది. మన నాలుగక్షరాల వరుసకు న్యాయం అదీ. ఆర్‌కూ డీకీ నడుమ ఆ ఎన్ పొలం గట్టు వంటిది.

ఈలోగా రాడ్డే వద్దన్న వారూ లేకపోలేదు. క్రిస్లర్ వారు 1956 నుంచి 1964 దాకా రేడియో మీటల్లాంటి మీటలు పెట్టారు, నొక్కితే గేరు. 1958లో ఎడ్సెల్ అనే కారులో ఆ మీటలను స్టీరింగు నడిబొడ్డున, అప్పట్లో హారను ఉండే చోట అమర్చారు. ఎదురుగా ఆవు అడ్డం వస్తే మనవాళ్ళ చెయ్యి ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు కదా. ఆ ముచ్చట ఆ ఒక్క ఏడాదితోనే తీరింది.

మా పిన్ని కొడుకు డెట్రాయిట్ దగ్గర ఇంజనీరు. నా బాధ విని, "అక్కా, నువ్వు కారు కొనడానికి ఇంత ఆలోచిస్తున్నావు గాని, మా పక్కింటాయన ఒక్క గేరు రాడ్డు ఎంచుకోవడానికి ఆరు నెలలు తీసుకున్నాడు" అన్నాడు. ఆ కథ వినదగినదే.

అమెరికాలో హాట్ రాడ్ అని ఒక వేడుక ఉంది. 1930లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డు కార్లు చవుకగా కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులూ టాపులూ ఊడబెరికి, ఇంజనుకు జోరు పెంచి, ఎండిపోయిన చెరువుల మీద పందేలు వేసుకునేవారు. తరువాత వీధుల్లో తిరగడానికి కూడా అలాంటి బండ్లు కట్టుకోవడం మొదలైంది. డెట్రాయిట్‌లో వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద 1995 నుంచి ఏటా ఆగస్టులో ఇలాంటి పాత బండ్ల ఊరేగింపు జరుగుతుంది. మన సంక్రాంతికి ఎడ్లను ముస్తాబు చేసినట్టు వారు కార్లను ముస్తాబు చేసుకొని వస్తారట. మా తమ్ముడి పక్కింటాయన రిటైరయ్యాక 1932 ఫోర్డు నమూనా బండి కడుతున్నాడు. ఒంటి తొడుగు ఒక చోటిది, ఇంజను ఇంకొక చోటిది, గేరు పెట్టె మూడో చోటిది. అలాంటప్పుడు రాడ్డు కూడా విడిగా కొనుక్కోవలసిందే.

ఆయనకు మొదటి ప్రశ్న, రాడ్డు ఎక్కడ ఉండాలి? 1932 నాటి బండి ఒళ్ళు ఇరుకు. స్టీరింగు కాడకు బిగిస్తే కాళ్ళకు జాగా మిగులుతుంది, చూడటానికి పాతకాలపు పద్ధతిగానూ ఉంటుంది. నేల మీద పెడితే చేతికి దగ్గర, కాని పక్కన కూర్చున్న ఇల్లాలి మోకాలికి తగులుతుంది. గేరు పెట్టె నెత్తినే రాడ్డు నిలబెడితే దారి సూటి. కాని పెట్టె ఎక్కడుంటే రాడ్డూ అక్కడే మొలవాలి, అది సీటుకు మరీ ముందుకో మరీ వెనక్కో పడవచ్చు. కావలసిన చోట పెట్టుకొని తీగతో గేరు పెట్టెకు కలిపితే ఎక్కడైనా ఒదుగుతుంది; కాని ఆ తీగ ఇంజను పొగగొట్టం పక్కనుంచి పోకూడదు, మెలిక పడకూడదు. రాడ్డు పొడుగైతే తక్కువ బలంతో కదులుతుంది గాని చెయ్యి దూరం పోవాలి; పొట్టిదైతే చెయ్యి కొంచెమే కదలాలి గాని గట్టిగా లాగాలి.

అసలు కిటుకు ఆ తరువాత ఉంది. గేరు పెట్టె లోపల కోడిజుట్టులాగా గాట్లున్న ఒక ఉక్కు పలక ఉంటుంది. స్ప్రింగు చివరనున్న చిన్న చక్రం గాటు నుంచి గాటుకు పడుతూ ఉంటుంది. ఆ పలకతోపాటే కదిలే ఒక కవాటం, ఏ గేరుకు నూనె ఒత్తిడి పోవాలో ఆ దారి తెరుస్తుంది. పైన రాడ్డు పక్కన అక్షరాలకు ఉన్న గాట్లూ, లోపల పలకకు ఉన్న గాట్లూ సరిగ్గా ఒకదాని కొకటి రావాలి. మూడు గేర్ల పెట్టెకు చేసిన రాడ్డును నాలుగు గేర్ల పెట్టెకు తగిలిస్తే అక్షరం ఒకటి చూపుతుంది, లోపల ఇంకొకటి ఉంటుంది. పైన పీ అని ఉండి, లోపల పీకీ ఆర్‌కీ నడుమ గట్టు మీద ఆగిందనుకోండి, బండి నిలబడినట్టే నిలబడి, ఇంజను అదురుకు రివర్సులోకి జారుతుంది. రాడ్డు అందం చూసి కొన్నవారు మోసపోయేది ఇక్కడేనని ఆ పక్కింటాయన అన్నాడట. ఆయన తన గేరు పెట్టెకు సరిపడే గాట్లున్నదీ, మీట నొక్కనిదే రివర్సులోకి పోనిదీ, పీలోగాని ఎన్‌లోగాని ఉంటే తప్ప ఇంజను స్టార్టు కానివ్వని స్విచ్చి ఉన్నదీ ఏరుకున్నాడు. పిడి మాత్రం తెల్లటి గుండ్రని పింగాణీ రంగుది. ఆ ఒక్కటీ ముచ్చట కోసం.

వీటిలో హర్స్ట్ కంపెనీ వారి రాడ్డు ఒకటి నాకు నవ్వు తెప్పించింది. 1967 పాంటియాక్ జీటీవో కారులో వచ్చింది. దానికి రెండు గాడులు. ఒక గాడిలో మామూలు ఆటోమేటిక్కు. రెండో గాడిలోకి జరిపితే ఒక్కొక్క గేరూ చేత్తో వేసుకోవచ్చు. దీనికి వారు పెట్టిన ముద్దు పేరు 'ఆయనదీ, ఆమెదీ'. సులువు గాడి ఆమెదని, జోరు గాడి ఆయనదని వేరే చెప్పాలా? మా ఇంట్లో లెక్క తిరగబడింది. నేను సింహాచలం ఘాట్ ఎక్కితే మావారు పక్క సీట్లో కూర్చొని అప్పన్నస్వామిని స్మరిస్తారు.

మన దేశంలో ఈ హాట్ రాడ్ల వేడుకకు చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారుచేసి రిజిస్ట్రేషను పొందిన బండి రూపును ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ మాటే చెప్పింది. కనుక అక్కడివారు బండికి తగిన రాడ్డును వెతుక్కుంటే, మనం రాడ్డు చూసి బండిని ఎంచుకోవాలి. అలా ఎంచుకునేవారు మాత్రం నాకు కనబడలేదు.

ఒక్కరు తప్ప. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. అంబాసిడర్ టాక్సీ తోలి పిల్లలను చదివించాడు. ఆ బండిలో మొదట్లో గేరు స్టీరింగు పక్కనే ఉండేది. ఫియెట్, ప్రీమియర్ పద్మినిలలోనూ అంతే. ముందు సీటు బల్లలాగా ఒకటే గనుక పెళ్ళివారు ముగ్గురు కూర్చునేవారు, గేరు ఎవరి కాళ్ళకూ అడ్డం రాదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది గాని ఆయన మాటలో ఇంకా నడుస్తూనే ఉంది. ఆటోమేటిక్కులో ఏది మంచిదని అడిగితే, "నాకు ఆటోమేటిక్కు తెలీదమ్మా. ఒకటే సూడండి. ఏ గేరులో ఉందో సెయ్యికి తెలియాల. కన్ను గేరు మీదుంటే మరి రోడ్డునెవులు సూస్తారు?" అన్నాడు.

ఈ ఒక్క మాట పట్టుకొని షోరూములు తిరిగాను.

మొదటి చోట చవుక రకం చూపించారు. 2014లో మారుతీ వారి సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ పద్ధతి. మామూలు గేరు పెట్టే, మామూలు క్లచ్చే; తొక్కడమూ మార్చడమూ మాత్రం మన కాలికీ చేతికీ బదులు యంత్రం చేస్తుంది. మధ్య తరగతి వారికి అందుబాటులోకి వచ్చిన ఆటోమేటిక్కు ఇదే గనుక దానికి నమస్కారం పెట్టాలి. కాని రాడ్డు పక్కన చూస్తే ఆర్, ఎన్, డీ, ఎమ్.

"పీ ఏది బాబూ?" అన్నాను.

"దీంట్లో పీ ఉండదు మేడమ్. ఎన్‌లో పెట్టి హ్యాండ్ బ్రేకు వేసేయడమే."

"మరచిపోతే?"

"ఎవరూ మరచిపోరు మేడమ్" అని నవ్వాడు కుర్రవాడు. వయసు ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటుంది. అతనిది ఇంకా మరచిపోయే వయసు కాదు.

నిజానికి ఆ పద్ధతిలో పీ లేకపోవడం లోపం కాదు. లోపలున్నది మామూలు గేరు పెట్టె గనుక, గేరులో ఉంచి ఇంజను కట్టేస్తే చక్రాలు బిగిసి ఉంటాయి. మన పాత హైడ్రా-మాటిక్ ఉపాయమే. కాని అది తెలుసుకొని, రోజూ గుర్తుపెట్టుకొని చేయాలి. చదునైన వాకిలి గలవారు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. మా వాలు మీద, మా వీధి పిల్లల ఎదుట, నాకు ధైర్యం చాలలేదు. ఎత్తున ఆగి కదిలేటప్పుడు కూడా, బ్రేకు మీద కాలు తీశాక క్లచ్చి పట్టుకునేలోగా జానెడో బారెడో వెనక్కి జారే బండ్లు ఈ రకంలో ఉన్నాయి. వాలు మీద ఆపిపట్టే సదుపాయం ఉందా లేదా అని అడిగి, నిజంగా ఎత్తున ఆపి చూసుకొని మరీ కొనాలి.

రెండో చోట ఖరీదు రకం. రాడ్డు చిన్నది, నున్నగా ముద్దుగా ఉంది. ముందుకు తోస్తే ఒక గేరు, వెనక్కి లాగితే ఒక గేరు. వదిలేస్తే మళ్ళీ నడుమకే వచ్చి నిలబడుతుంది. గేరు ఏదో ఒక చిన్న దీపం చెబుతుంది. పీకి విడిగా ఒక మీట. చేత్తో తడిమి చూస్తే అన్ని గేర్లూ ఒకలాగే ఉన్నాయి. లోపల తీగ లేదు, రాడ్డు లేదు. కంప్యూటరుకు కబురు పోతుంది, అది గేరు వేస్తుంది. 2008లో టాటాల చేతికి వచ్చిన జాగ్వార్ కార్లు కొన్నింటిలో అయితే రాడ్డుకు బదులు గుండ్రని బిళ్ళే తిప్పవలసి ఉండేది.

నడుమకు తిరిగివచ్చే ఈ రాడ్డుకు ఒక విషాద చరిత్ర ఉంది. జీప్ గ్రాండ్ చెరోకీ మొదలైన కార్లలో ఇలాంటిది పెడితే, పీలో పెట్టామనుకొని దిగిపోయినవారి మీదికి బండ్లు దొర్లుకు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో పదకొండు లక్షలకు పైగా బండ్లను కంపెనీ వెనక్కి పిలిచింది. ఆ జూన్‌లోనే ఆంటన్ యెల్చిన్ అనే సినిమా నటుడు లాస్ ఏంజిలిస్‌లో తన ఇంటి వాలు మీద, తన కారే దొర్లి వచ్చి గేటు స్తంభానికి నొక్కివేయగా మరణించాడు. 27 ఏళ్ళవాడు. ఆ కారు వెనక్కి పిలిచిన జాబితాలోనిదే. ఇంటి వాలు అన్న మాట చదివాక నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

ఆ తరువాత వచ్చిన కార్లలో చాలావాటికి, డ్రైవరు తలుపు తీస్తే దానంతట అదే పీలో పడే ఏర్పాటు చేశారు. మంచిదే. అలాంటి రాడ్డున్న కారు కొనేవారు ఈ ఏర్పాటు ఉందా అని అడగాలి. తీగ ఉన్న రాడ్డు మాత్రం ఎప్పటికీ అబద్ధం చెప్పదని కూడా అనుకోకండి. 2022 జూన్‌లో అమెరికాలో ఫోర్డు వారు సుమారు 29 లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. గేరు తీగ చివరనుండే చిన్న బుష్షు అరిగి ఊడితే, పైన పీ చూపినా లోపల వేరే గేరే ఉండిపోతుంది. అందుకని ఏ రకమైనా హ్యాండ్ బ్రేకు వేయవలసిందే.

దానికొక వరుస ఉంది. పీ అంటే గేరు పెట్టెలో పళ్ళచక్రానికి తగులుకునే వేలెడంత ఉక్కు కొక్కెం. వాలు మీద ముందే పీలో పెట్టి కాలు తీసేస్తే బండి బరువంతా ఆ కొక్కెం మీద పడుతుంది. మళ్ళీ తీసేటప్పుడు 'టక్కు'మని బిగుసుకొని వస్తుంది. ముందు బ్రేకు తొక్కి ఉంచి, ఎన్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, మెల్లగా కాలు తీసి బండి బరువు దాని మీద ఆనాక, మళ్ళీ బ్రేకు తొక్కి పీలో పెట్టాలి. మా అత్తగారు ఇదంతా విని, "ఆవును కట్టేటప్పుడూ అంతేనే, ముందు పలుపు, తరువాత తలుపు" అన్నారు.

చివరకు కొన్నది మధ్యరకం. రాడ్డు గాడి సూటిగా కాక మెట్లు మెట్లుగా, మెలికలు తిరిగి ఉంటుంది. పీ నుంచి ఆర్‌కు రావాలంటే పక్కకు తిప్పాలి, ఎన్‌కు మళ్ళీ ఇంకొక పక్కకు. చీకట్లోనైనా చేతికి మలుపు తెలుస్తుంది. బ్రేకు తొక్కనిదే పీ వదలదు. హ్యాండ్ బ్రేకు మీట కాదు, చేత్తో లాగే కర్రే. బ్యాటరీ చచ్చిపోతే పీలో ఇరుక్కోకుండా, రాడ్డు పక్కన చిన్న మూత కింద ఒక కన్నం ఉంది. అందులో సన్నని స్క్రూడ్రైవరు గుచ్చితే వదులుతుంది. చాలా కార్లకు ఇది ఉంటుంది గాని అమ్మేవారు చెప్పరు. బండి ఇచ్చే రోజునే అడిగి చూపించుకోండి. ఖరీదు మేము అనుకున్న దానికంటే ఎక్కువే అయింది. ఆ తేడా కోసం వంటింటి మరమ్మతు ఇంకో ఏడాది వాయిదా పడింది.

కారు ఇంటికి వచ్చిన మర్నాడు వీధి చివరి పెద్దాయనను పిలిచి, ఇంజను కట్టేసి ఉండగా సీట్లో కూర్చోబెట్టాం. ఆయన తలుపు వేసుకొని, బ్రేకు మీద కాలు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. మావారు స్విచ్చి తిప్పి పట్టుకుంటే, రాడ్డును మెట్టు మెట్టుగా దించుతూ, "ఇది ఎనక్కి... ఇది ఉత్తది... ఇది ముందుకి" అని చెప్పుకుంటూ పోయాడు. అక్షరాలు చూడలేదు, ఒక్కటీ తప్పలేదు. మళ్ళీ పైదాకా తోసి, "ఇక్కడ గోడ తగుల్తంది. కట్టేసినట్టే" అన్నాడు.

"మరి ఎడం కాలికి పనేటమ్మా?"

"ఏమీ లేదు బాబాయ్."

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే రాడ్డును మళ్ళీ ఒకసారి కిందికి దించాడు. ఈసారి అలవాటు కొద్దీ ఆయన ఎడమ కాలు క్లచ్చి లేని చోట నేలను బలంగా తొక్కింది.